మన్యంలో భూగోళ పరిశోధన: అరకు లోయ, తూర్పు కనుమల గిరిజన ప్రాంతంలో స్నాతకోత్తర శిక్షణ

భూగోళశాస్త్రంలో ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ. పూర్తిచేసిన విద్యార్థి ఒక ప్రాంతాన్ని తానే తిరిగి చూసి, కొలిచి, పటం మీద పెట్టి, అక్కడి నేల, నీరు, పంట, జనం, దారి ఎలా ముడిపడి ఉన్నాయో వివరించగలిగే స్థాయికి చేరడానికి పొందేదే స్నాతకోత్తర పరిశోధన శిక్షణ. ప్రాంతీయ ప్రణాళిక దాని మీద ఇంకో మెట్టు. బడి ఎక్కడ పెట్టాలి, ఆసుపత్రి ఎక్కడ కట్టాలి, రోడ్డు ముందు ఏ గూడేనికి వెయ్యాలి అన్న ప్రశ్నలకు కారణం చూపి జవాబు చెప్పడం ఆ శాస్త్రం పని. ఆంధ్రప్రదేశ్‌లో ఈ శిక్షణకు అన్నిటికన్నా కఠినమైన క్షేత్రం విశాఖ మన్యం. మైదానాల కోసం తయారైన కొలతలు, సూత్రాలు, గణాంకాలు ఈ కొండల్లో చాలావరకు ఉన్నవి ఉన్నట్టుగా పనికిరావు. ఎందుకు పనికిరావో తెలుసుకోవడం, వాటిని ఎలా మార్చుకోవాలో నేర్చుకోవడం ఇక్కడి శిక్షణలో అసలు భాగం.

కొండసీమ

అరకు లోయ విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి 900 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడే వరకు ఇది విశాఖపట్నం జిల్లాలో భాగం. పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, అంటే జనం నోట ఐటీడీఏ, పరిధిలో పదకొండు మండలాలు ఉన్నాయి: అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు, పెదబయలు, ముంచంగిపుట్టు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు. వీటిలో చాలా ఊళ్లకు పరిశోధకులు ఇంకా సరిగా చేరలేదు. అరకు, పాడేరు చుట్టూ జరిగినంత పని లోపలి మండలాల్లో జరగలేదు.

ఈ కొండల్లోని ముఖ్యమైన రాయికి పేరు ఇక్కడి మనుషుల నుంచే వచ్చింది. కలహండి ప్రాంతాన్ని పరిశీలించిన టి.ఎల్. వాకర్ 1902లో ఖోండు జాతి పేరు మీద దానికి ఖోండలైట్ అని పేరు పెట్టాడు. ఖోండలైట్ యుగయుగాల వానలకు శిథిలమై కొండల నెత్తిన బాక్సైట్ పొరలుగా మారింది. గాలికొండ, రక్తకొండ, జెర్రెల పేర్లు పత్రికలకెక్కడానికి ఆ ఖనిజమే కారణం. పాడేరు వైపున్న ఆర్మకొండ సుమారు 1,680 మీటర్ల ఎత్తుతో తూర్పు కనుమల్లో అతి ఎత్తైన శిఖరాల్లో ఒకటి.

నీటి దారులు మరింత ఆసక్తికరం. గోస్తని, శారద, వరాహ, తాండవ తూర్పుకు దిగి నేరుగా బంగాళాఖాతంలో కలుస్తాయి. మాచ్‌ఖండ్ మాత్రం పడమటి వైపు తిరిగి సీలేరుగా, ఆపైన శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది. కొండ అంచుకు ఇటు పడిన వాన భీమునిపట్నం దగ్గర సముద్రం చూస్తే, అటు పడిన వాన గోదావరి మీదుగా చుట్టి వస్తుంది. జలవిభాజక రేఖను పటం మీద గుర్తించి, ఆ తరువాత గెడ్డల (కొండవాగుల) వెంట నడిచి సరిచూడడం కొత్త విద్యార్థికి చక్కటి తొలి అభ్యాసం.

జనంలో బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, నూకదొర, ఖోండు, పోర్జ, గదబ తదితర తెగలున్నాయి. రైతు తన భూమిని పల్లం, మెట్ట, కొండపోడు అని మూడు రకాలుగా లెక్కపెట్టుకుంటాడు. పల్లంలో వరి, మెట్టలో చోడి, సామ, వలిసె, రాజ్మా, ఏటవాలులో పోడు, చెట్ల నీడన కాఫీ, కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లకు ఎగబాకే మిరియం. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

పాత రాతలు

ఈ సీమ గురించి రాసినవారిలో తొలివరుస పాలనాధికారులదే. డి.ఎఫ్. కార్మైకేల్ విశాఖపట్నం జిల్లా మాన్యువల్ 1869లో, డబ్ల్యూ. ఫ్రాన్సిస్ గెజిటీర్ 1907లో వెలువడ్డాయి. శిస్తు, శాంతిభద్రతలు వారికి ముఖ్యం. కాబట్టి ఊళ్ల శిస్తు వసూలు చేసే ముఠాదారుల గురించి, ఫితూరీల (తిరుగుబాట్ల) గురించి రాసినంత శ్రద్ధగా విత్తనాల గురించి, గెడ్డల గురించి రాయలేదు. 1940లలో క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ పాపికొండల కొండరెడ్ల మీద, హైదరాబాద్ రాజ్యంలోని చెంచులు, గోండుల మీద రాసిన పుస్తకాల్లో మనుషుల బతుకు దగ్గరగా కనిపిస్తుంది. ఆయన మానవశాస్త్రజ్ఞుడే అయినా, పోడు తిరిగే చక్రం, ఊరు మారే తీరు, సంతకు వెళ్లే దారి వంటి భూగోళ విషయాలు ఆ పుటల్లో దండిగా దొరుకుతాయి. గెజిటీర్‌ను, హైమండార్ఫ్‌ను పక్కపక్కన పెట్టి చదివించే గురువు విద్యార్థికి మూలాలను తూచడం నేర్పినట్టే.

విద్యాలయాలు, సంస్థలు

1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ కొండలకు దగ్గరి పెద్ద విద్యాకేంద్రం. దాని బలం ఒక్క భూగోళశాస్త్ర శాఖలోనే లేదు. భూగర్భశాస్త్రం, వాతావరణ, సముద్ర శాస్త్రాలు అక్కడ ముందే వేళ్లూనాయి. వాతావరణ విభాగానికి చెందిన వి.పి. సుబ్రహ్మణ్యం 1950లలో థార్న్‌త్‌వెయిట్ పద్ధతిలో భారతదేశపు నీటి జమాఖర్చులు వేశారు. ఎంత వాన పడింది, ఎంత ఆవిరైంది, నేలలో ఎంత మిగిలింది అని నెలవారీగా లెక్కకట్టే ఆ పద్ధతి మన్యంలో కాఫీ, చోడి సాగును అర్థం చేసుకోవడానికి ఇప్పటికీ తొలి సాధనం. అదే విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్. వైద్యనాథన్ భూస్వరూపాల అధ్యయనంలో పేరెన్నికగన్నవారు.

ప్రణాళిక వైపు బలమైన ధార ఉస్మానియా నుంచి వచ్చింది. ఎస్. మంజూర్ ఆలం హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల భూగోళాన్ని పుస్తకంగా తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ ప్రణాళికా అట్లాసు కూడా ఆయన చేతిమీదుగా వచ్చింది. దేశస్థాయిలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రాంతీయ సర్వే విభాగం నుంచి ఎ.టి.ఎ. లియర్‌మంత్, వి.ఎల్.ఎస్. ప్రకాశరావు, ఎల్.ఎస్. భట్ మైసూరు రాష్ట్రం మీద చేసిన పని ప్రాంతీయ ప్రణాళికకు పునాది వేసింది. 1971లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో మొదలైన ప్రాంతీయాభివృద్ధి అధ్యయన కేంద్రం నుంచి మూనిస్ రజా, ఎజాజుద్దీన్ అహ్మద్ గిరిజన భారత అట్లాసు తెచ్చారు.

ఇప్పుడు విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. రాష్ట్ర విభజన చట్టం హామీ మేరకు 2019లో ఆరంభమైంది. సరిహద్దుకు అవతల కొరాపుట్‌లో 2009 నుంచి ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం నడుస్తోంది. ఒకే కొండసీమకు రెండు వైపులా రెండు కేంద్రీయ విశ్వవిద్యాలయాలు ఉండడం మంచి అవకాశం. మాచ్‌ఖండ్ పరీవాహకం రెండు రాష్ట్రాల్లో పరుచుకుని ఉంది కనుక, ఉమ్మడి పర్యవేక్షణలో పరిశోధన సాగించడానికి ఇంతకన్నా తగిన చోటు ఉండదు. వీటికితోడు చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం, కాఫీ బోర్డు వారి ఆర్.వి. నగర్ కేంద్రం, 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ విద్యార్థికి సమాచారం దొరికే చోట్లు.

ఈ బలాలన్నిటికీ అడుగున ఒక బలహీనత ఉంది. తెలుగు రాష్ట్రాల్లో భూగోళశాస్త్రం బడిలో సాంఘికశాస్త్రంలో ఒక భాగంగా మిగిలిపోయింది. ఇంటర్మీడియట్‌లో దాన్ని నేర్పే కాలేజీలు తక్కువ. దాంతో పీజీలో చేరేవారు చరిత్ర, అర్థశాస్త్రం, జీవశాస్త్రం వంటి నేపథ్యాల నుంచి వస్తారు. సమోన్నత రేఖలు చదవడం వంటివి పదిహేనేళ్ల వయసులో రావలసింది ఇరవై మూడేళ్లకు మొదలవుతుంది. పరిశోధన శిక్షణలో మొదటి సంవత్సరం చాలామందికి ఈ లోటు పూడ్చుకోవడంతోనే గడుస్తుంది. దీనికి పరిష్కారం పీహెచ్‌డీ నిబంధనల్లో దొరకదు, బడిలో వెతకాలి.

మిర్యాలగూడ పాఠం

తెలుగునేలలో ప్రాంతీయ ప్రణాళిక పరిశోధన గురించి చెప్పేటప్పుడు మిర్యాలగూడను తలవకుండా ఉండలేం. హైదరాబాద్‌లోని జాతీయ సామాజికాభివృద్ధి సంస్థ (తరువాతి కాలపు జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ) నుంచి లలిత్ సేన్, సుధీర్ వాన్మాలి, వారి సహచరులు నల్లగొండ జిల్లా మిర్యాలగూడ తాలూకాలో చేసిన అధ్యయనం 1971లో వెలువడింది. ఏ ఊళ్లో పోస్టాఫీసు ఉంది, ఎక్కడ ఎరువుల దుకాణం ఉంది, వైద్యానికి ఏ ఊరి జనం ఎటు వెళుతున్నారు అని ఊరూరా లెక్కతీసి, ఒక సేవ నిలదొక్కుకోవడానికి కనీసం ఎంత జనాభా కావాలో అంచనా కట్టి, ఊళ్లను మెట్లుమెట్లుగా అమర్చి, ఏ ఊరిని వృద్ధి కేంద్రంగా పెంచితే చుట్టుపక్కల వారికి మేలో ఆ పుస్తకం చూపింది. 1933లో వాల్టర్ క్రిస్టాలర్ దక్షిణ జర్మనీ పట్టణాల మీద చెప్పిన కేంద్రస్థాన సిద్ధాంతం దానికి వెన్నెముక. దేశమంతటా ఎన్నో సిద్ధాంత వ్యాసాలు ఈ నమూనాను అనుసరించాయి.

మిర్యాలగూడ మైదానం. అక్కడ ఊరు అంటే ఊరే: ఒకచోట గుమిగూడిన ఇళ్లు, చుట్టూ పొలాలు, ఎటు చూసినా బండి వెళ్లే దారి. మన్యంలో ఈ ఊహల్లో ఏదీ నిలవదు. జనాభా లెక్కల్లో కనిపించేది రెవెన్యూ గ్రామం; మనుషులు బతికేది గూడెంలో. ఒక రెవెన్యూ గ్రామం కింద కొండకొకటిగా విడివిడి గూడేలు ఉంటాయి. ఊళ్లో బడి ఉందని పట్టికలో రాసి ఉంటే, అది ఏ గూడెంలో ఉందో, పై కొండ మీది పిల్లలు వానాకాలంలో గెడ్డ దాటి రాగలరో లేదో ఆ పట్టిక చెప్పదు. గ్రామం సగటు చూసి ప్రణాళిక వేస్తే, అన్నిటికన్నా దూరపు గూడెం ప్రతిసారీ లెక్క తప్పిపోతుంది. అందుకే ఇక్కడ పరిశోధక విద్యార్థి మొదట చేయాల్సింది గూడేల జాబితా. ప్రభుత్వ పట్టికను, అంగన్‌వాడీ రిజిస్టరును, ఆశా కార్యకర్త నోటి లెక్కను ఒకచోట చేర్చి, వెళ్లి చూసి, పటం మీద చుక్క పెట్టాలి. నెలలు తినేసే పని. థీసిస్‌లో ఒక అనుబంధంగా మాత్రమే కనిపిస్తుంది. అయినా మిగతా విశ్లేషణకంతా అదే ఆధారం.

రెండో తేడా సంత. మైదానంలో కేంద్రస్థానం రోజూ తెరిచి ఉండే బజారు. మన్యంలో అది వారానికొకసారి లేచే సంత. చింతపండు, అడ్డాకులు, పసుపు దిగేది అక్కడే, ఉప్పు, ఎండుచేప, బట్టలు ఎక్కేది అక్కడే. పెళ్లిమాటలు, పంచాయతీ కబుర్లు, జ్వరానికి మందు కూడా అక్కడే. సంతలు వేర్వేరు రోజుల్లో వేర్వేరు చోట్ల జరుగుతాయి కనుక, వ్యాపారి వలయం, రైతు నడక కలిసి ఒక వారపు పటం తయారవుతుంది. దుకాణాలు లెక్కపెట్టి మెట్లు కట్టే మిర్యాలగూడ పద్ధతికి ఈ పటం కనపడదు. సంచార వైద్య వాహనం ఏ రోజు ఎక్కడ ఆగాలి, బ్యాంకు ప్రతినిధి ఎప్పుడు రావాలి అన్నవి సంత రోజును బట్టి నిర్ణయించమని సూచించే పరిశోధన మన్యానికి నిజంగా పనికొచ్చే పరిశోధన.

పటం దూరం, కాలి దూరం

సర్వే ఆఫ్ ఇండియా పాత సంఖ్యల ప్రకారం అరకు 65 జె/15 టోపోషీటులో, పాడేరు 65 జె/12లో, చింతపల్లి 65 కె/5లో పడతాయి. 1:50,000 స్కేలు గల ఈ షీట్ల మీద ఒక సెంటీమీటరు అర కిలోమీటరుకు సమానం. సమోన్నత రేఖలు దగ్గరదగ్గరగా కిక్కిరిసిన చోట స్కేలు పెట్టి కొలిచే విద్యార్థి తప్పక మోసపోతాడు.

గూడెం నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 6 కిలోమీటర్లు అనుకుందాం. భూగోళ శాస్త్రజ్ఞుడు వాల్డో టోబ్లర్ 1993లో ఇచ్చిన నడక సూత్రం ప్రకారం చదునైన దారిలో మనిషి గంటకు సుమారు 5 కిలోమీటర్లు నడుస్తాడు. ఆ 6 కిలోమీటర్లకు గంటా పన్నెండు నిమిషాలు చాలు. ప్రతి నూరు మీటర్లకు 20 మీటర్లు పైకెక్కే దారైతే వేగం గంటకు 2.5 కిలోమీటర్లకు పడిపోతుంది; అదే దూరానికి రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు పడుతుంది. ఇది ఒంటరిగా, చేతిలో బరువు లేకుండా, పొడి నేల మీద నడిచేవాడి లెక్క. నిండు గర్భిణిని డోలీలో మోసుకుపోయే నలుగురి లెక్క, జూలైలో పొంగిన గెడ్డ దగ్గర ఆగిపోయిన వేళ లెక్క ఆ సూత్రంలో లేవు. జీఐఎస్‌లో ఏటవాలును కాలంగా మార్చి గీసే పటం ప్రతి పరిశోధక విద్యార్థికీ వచ్చితీరాలి. ఆ పటాన్ని డోలీ మోసినవారి మాటతో సరిచూడడం కూడా అంతే రావాలి. ఎనిమిది కిలోమీటర్ల లోపు ఆసుపత్రి ఉంది కాబట్టి ఊరు 'సేవ అందిన' జాబితాలోకి చేరే పద్ధతి మారాలంటే, కిలోమీటర్లకు బదులు నిమిషాల్లో రాసిన పటాలు అధికారుల బల్ల మీదికి చేరాలి.

ఉపగ్రహ చిత్రంలో మన్యం

1974లో ఏర్పడి హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న జాతీయ దూరసంవేదన సంస్థ వల్ల తెలుగు విద్యార్థులకు ఉపగ్రహ చిత్రాలు చాలా ముందుగా అందుబాటులోకి వచ్చాయి. 1988 మార్చి 17న భారత దూరసంవేదన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ ఎగిరాక భూవినియోగ పటాలు గీయడం భూగోళ పరిశోధనలో మామూలైపోయింది. మన్యం ఈ సాధనాన్ని మూడు చోట్ల పరీక్షిస్తుంది.

ఒకటి, మబ్బులు. పంట నేల మీద ఉండే వానకాలం నెలల్లోనే కొండలు మబ్బు కింద దాక్కుంటాయి. మామూలు కెమెరాకు ఏమీ దొరకదు. రాడార్ చిత్రాలు ఇక్కడ ఆదుకుంటాయి, కానీ నిటారు వాలుల్లో వాటికీ వక్రతలు వస్తాయి. రెండు, పరిమాణం. ఉపగ్రహాల్లోని లిస్-3 కెమెరా చిత్రంలో ఒక్కో గడి నేల మీద 23.5 మీటర్ల చదరం. అర ఎకరం పోడు అందులో నాలుగు గడులకు మించదు, అంచులు పక్క పొదలతో కలిసిపోతాయి. మూడు, అన్నిటికన్నా ముఖ్యం: నీడ కింది కాఫీ పైనుంచి అడవిలాగే కనిపిస్తుంది. కంప్యూటరు దాన్ని అడవి అంటుంది. పోడు వదిలేసి నాలుగేళ్లయిన నేలను బీడు అంటుంది. అక్కడ రైతు మళ్లీ ఎప్పుడు తిరిగి వస్తాడో, ఏ గింజ చల్లుతాడో దానికి తెలియదు. చలికాలం మొదట్లో వలిసె పూసి వాలులన్నీ పసుపు పరుచుకున్నప్పుడు తీసిన చిత్రంలో మెట్ట సాగు స్పష్టంగా బయటపడుతుంది. మరికొన్ని వారాలు ఆగితే కోత అయిపోయి మట్టి మిగులుతుంది. ఏ తేదీ చిత్రం తీసుకోవాలో చెప్పేది పంటల పంచాంగం, దాన్ని చెప్పగలిగేది రైతు.

క్షేత్ర సరిచూత లేకుండా వచ్చిన భూవినియోగ పటం మన్యంలో నిరుపయోగమే కాదు, హానికరం కూడా. రైతు సాగుచేస్తున్న నేలను అడవి అని ముద్రవేసిన పటం రేపు అతని పట్టాకు అడ్డం తిరగవచ్చు.

భూమి, చట్టం, అనుమతి

ఈ సీమ అయిదో షెడ్యూలు ప్రాంతం. 1959 నాటి ఒకటో భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించగా వచ్చిందే జనం నోట్లో నానే 1/70 చట్టం. గిరిజనేతరులకు ఇక్కడ భూమి బదలాయించడం దాని ప్రకారం చెల్లదు. 1969లో ముఠాదారీ పద్ధతి రద్దయింది. అనంతగిరి మండలం బొర్రా పరిసరాల గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూలు ప్రాంతంలో ప్రైవేటు వారికి గనుల లీజులు ఇవ్వడం కుదరదని తీర్పు చెప్పింది. 1996 నాటి పెసా (షెడ్యూలు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం గ్రామసభకు అధికారాలిచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సాగుభూమి మీద, సామూహిక అడవి మీద హక్కును గుర్తించింది.

భూగోళ విద్యార్థికి ఇవి నేపథ్య సమాచారం మాత్రమే అనుకోకూడదు. ఈ చట్టాల్లో ప్రతిదీ పటం మీద ఒక గీత. ఆ గీత ఎక్కడ పడిందో, ఎవరు గీశారో, గ్రామసభ గీసుకున్న సరిహద్దుకు అది ఎంత దూరంలో ఉందో తేల్చడం శుద్ధమైన భూగోళ పరిశోధన. పర్యాటకం పెరిగిన అరకులో రిసార్టు భూముల వెనక ఎవరున్నారు, బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వెంట ఊళ్లు ఎలా పెరిగాయి, మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం కింద కదిలిన కుటుంబాలు ఎటు వెళ్లాయి వంటి ప్రశ్నలు ఇంకా లోతుగా తవ్వాల్సినవి.

అనుమతి మాటకొస్తే, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి సంతకం తెచ్చుకుంటే సరిపోదు. గ్రామసభ ముందు కూర్చుని ఏం చేయబోతున్నాడో, ఆ వివరాలు ఎక్కడికి పోతాయో విద్యార్థి చెప్పాలి. ఖనిజం కోసం వచ్చిన సర్వేయర్లను చూసిన ఊళ్లు ఇవి. జీపీఎస్ పట్టుకుని తిరిగే కొత్త మనిషిని అనుమానించడానికి వారికి బలమైన కారణాలున్నాయి.

నియమాలు

యూజీసీ 2022 నవంబరు నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్స్‌వర్కుతో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. కోర్స్‌వర్కుకు కనీసం 12 క్రెడిట్లు. ఎం.ఫిల్. రద్దయింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి ఏపీ ఆర్‌సెట్, జాతీయస్థాయిలో నెట్ ఉన్నాయి. గిరిజన విద్యార్థులకు ప్రత్యేక జాతీయ ఫెలోషిప్ ఉంది. ఎం.ఫిల్. పోవడం వల్ల మన్యం వంటి చోట ఒక నష్టం జరిగింది. ఒక చిన్న పరీవాహకాన్ని తీసుకుని క్షేత్రంలో చేయి తిరిగే అవకాశం అందులో ఉండేది. ఇప్పుడు ఆ భారం పీజీ డిసర్టేషన్ మీద పడింది. ఒక సెమిస్టరులో వానకాలం, పంటకాలం రెండూ చూడడం అయ్యే పని కాదు.

భాష, తిరిగి ఇవ్వడం

ఈ కొండల్లో తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియా, కువి, గదబ భాషలు నడుస్తాయి. ఊరి పటం గీయించేటప్పుడు దుబాసీ ఉంటే మాట దొరుకుతుంది గాని గెడ్డల పేర్లు, వాలుల పేర్లు, మట్టి రకాల పేర్లు జారిపోతాయి. మన్యంలో పుట్టి పెరిగిన గిరిజన విద్యార్థులే పరిశోధకులుగా రావాలనడానికి ఇది పక్కా శాస్త్రీయ కారణం: వారికి ఆ పేర్లు ముందే తెలుసు, ఏ ప్రశ్న అడగాలో కూడా తెలుసు. వారి సంఖ్య పెంచడం ఈ శిక్షణలో చేయదగ్గ అతి మంచి సంస్కరణ.

ఆమోదం పొందిన ప్రతి పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం ఎలక్ట్రానిక్ ప్రతిని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు పంపాలి. అది శోధ్‌గంగలో ఎవరైనా చూడగలిగేలా ఉంటుంది. కానీ దాదాపు అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. ముంచంగిపుట్టు సర్పంచికి గాని, పెదబయలు టీచరుకు గాని అందులో తమ ఊరి గురించి ఏం రాశారో తెలియదు. విశ్వవిద్యాలయాలకు ఒక విన్నపం: మన్యం మీద చేసే ప్రతి సిద్ధాంత వ్యాసానికి తెలుగులో ఇరవై పేజీల సారాంశాన్ని, గూడేల పేర్లతో కూడిన పటాలను తప్పనిసరి చేయండి. వైవాకు ముందే ఒక ప్రతి ఆ ఊరి పంచాయతీకి, మరొకటి పాడేరు ఐటీడీఏకి చేరాలి.